దరువు మీద నేర్చుకున్న మెదడు పాఠం

తెలంగాణ కోసం ఊళ్లకు ఊళ్లు రోడ్డు మీదే వండుకుని తిన్న ఆ రోజుల్లో మా కాలేజీకి తాళం పడింది గానీ మా జువాలజీ సారు పాఠానికి పడలేదు. మహబూబాబాద్ చౌరస్తాలోని దీక్షా శిబిరంలో ఒక మూల బరకం పరిచి, బీఎస్సీ ఆఖరు సంవత్సరం వాళ్లం తొమ్మిది మందిని కూర్చోబెట్టి, ఒక నినాదానికీ ఇంకో నినాదానికీ మధ్య దొరికిన సందులో చెప్పేవారు. ఆ ఏడు తప్పితే చదువు చాలు, ఇంట్లో ఉండమని నాయిన ముందే తేల్చేశాడు. అందుకని పుస్తకం వదిలితే ఎక్కడ పారిపోతుందో అన్నట్టు పట్టుకుని తిరిగేదాన్ని.

ఒకరోజు జ్ఞాపకం ఎలా ఏర్పడుతుందో పాఠం. మెదడులో నాడీకణాలు ఒక లయలో ఉప్పొంగుతూ తగ్గుతూ ఉంటాయనీ, లయ ఉప్పొంగినప్పుడు అందిన కబురు రెండు కణాల మధ్య సంధిని గట్టిపరుస్తుందనీ, తగ్గినప్పుడు అందింది బలహీనపరుస్తుందనీ సారు చెప్పారు. మా మొహాలు చూసి, శిబిరంలో డప్పు కొట్టే అన్నను పిలిచి, జర మెల్లగ కొట్టమన్నారు. మమ్మల్ని దరువు మీద ఒకసారి, దరువు తప్పించి ఒకసారి చప్పట్లు కొట్టమన్నారు. మొదటిసారి రోడ్డవతల మల్లెపూలమ్మే అవ్వ కూడా తల తిప్పి చూసింది. రెండోసారి రేకుల మీద రాళ్లు పడ్డట్టుంది. ఇంత అందంగా ఎవరైనా పాఠం చెప్పగలరా అని నాకు కళ్లు చెమర్చాయి.

(అక్కడితో ఆగితే బాగుండేది.) దరువు మీద చదివితే మెదడులో అతుక్కుపోతుందని నేను సొంతంగా కనిపెట్టి, రోజూ డప్పు అన్న పక్కన కూర్చుని పాఠమంతా దరువుకు సరిపోయేలా వల్లించాను. "ఇగ నాగ్గూడ వచ్చింది చెల్లె, పరీక్షకు నన్నే పంపు" అనేవాడాయన.

చివరికి కాలేజీ తాళం తీసి పెట్టిన పరీక్షలో సరిగ్గా అదే ప్రశ్న వచ్చింది. నా తల మాత్రం ఖాళీ. వేళ్లతో బల్ల మీద మెల్లగా కొట్టుకుంటే ఒక వాక్యం వచ్చింది, ఇంకాస్త కొడితే రెండోది. అంతలో నా చప్పుడుకు జవాబిచ్చినట్టే వెనక పిల్ల దగ్గింది. జనగామ నుంచి వచ్చిన ఇన్విజిలేటర్ మేడం నేరుగా వచ్చి నా పేపర్ లాక్కుంది.

"ఎవలికి సైగ చేస్తున్నవ్?"

"సైగ కాదు మేడం. గిట్ల కొడితెనే యాదికొస్తది."

కాపీ కేసు రాస్తే నా చదువు అక్కడితో సరి. మేడం నన్ను చేతులు కట్టుకుని జవాబు చెప్పమంది. ఒక్క ముక్క రాలేదు. కొట్టుకుంటూ చెప్పమంది. కణాలూ లయా సంధీ అన్నీ కలిపి ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పాను. ఆమె నా బల్లను వరండా చివరికి వేయించి పేపర్ తిరిగిచ్చింది. "గీడ కొట్టుకో. ఎవలికి ఇనపడది." మిగతా గంటంతా అక్కడే వాయిస్తూ రాశాను. కాపలా కూర్చున్న అటెండర్ తల కూడా దరువుకు ఊగింది.

పాసయ్యాక సారుకు చెబితే కళ్లద్దాలు తీసి తుడుచుకునేంత నవ్వారు. "నేను జెప్పింది తల లోపటి దరువు బిడ్డా, నువ్వు బయటిది పట్టుకున్నవ్. తప్పు అర్థం జేసుకొని సరిగ్గ రాసినవ్." తర్వాత నవ్వు ఆపి, ఆ మేడం ఎవరో గానీ తనకంటే పెద్ద టీచరని అన్నారు.

ఇప్పుడు నా బిడ్డకు ఏడాదిన్నర. సరిగా నిద్రపోకపోతే దాని మెదడు ఏమవుతుందో, ఆలస్యంగా మాట్లాడుతోందేమో అని ఫోన్లో దొరికిందల్లా చదువుతూ భయపడుతుంటాను. సరైన సంగతులు అప్పటికంటే ఇప్పుడు చాలా ఎక్కువే తెలుసు. అయినా వరండాలో ఒంటరిగా బల్ల వాయించుకుంటూ ఏ బెంగా లేకుండా రాసుకుపోయిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం కుళ్లు కూడా పుడుతుంది. నా బిడ్డ కూడా ఎప్పుడో ఒకనాడు ఏదో ఒకటి తప్పుగానే అర్థం చేసుకుంటుంది. అప్పుడు దానికీ ఓ వరండా చూపించేవాళ్లు దొరికితే చాలు.