చంపినవాడే లేపాలి

దయ్యాల కథలంటే నాకు భయం ఎప్పుడూ లేదు, విసుగు మాత్రం ఉండేది. స్టీల్ ప్లాంట్‌లో మీటర్లు, గేజీలు బాగుచేసి రిటైరైన మనిషిని. మా షాపు వెనకాల ఎవరో ఏడుస్తున్నారని కొత్తగా చేరినవాళ్ళు అటు వెళ్ళడం మానేస్తే, నేనే వెళ్ళి ఆవిరి లీకవుతున్న వాల్వు చూపించి, "ఇదిగో మీ దయ్యం, బిగించండి" అని నాలుగు చివాట్లు పెట్టి వచ్చాను. దేవుడికి దణ్ణం పెట్టడం కూడా మా ఆవిడ పోరు పడలేకే.

అలాంటివాణ్ణి ఇది రాస్తున్నాను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, నాకేం నష్టం లేదు.

ముందు సిగ్గుపడాల్సిన సంగతి చెప్పేస్తాను. మేం బొమ్మలతో ఆడుకునేవాళ్ళం. మీసాలొచ్చి, పెళ్ళిళ్ళయిన ముగ్గురు మగాళ్ళం. ఆదివారం వస్తే చాలు, వన్ టౌన్‌లో ఓ మేడగదిలో చేరి, వేలెడంత సీసపు సైనికులను బల్ల మీద నిలబెట్టి యుద్ధాలు చేసేవాళ్ళం.

మొదలుపెట్టింది ఇమ్మానుయేలు, ఆ మేడగది కూడా అతనిదే. వన్ టౌన్‌లోనే కట్టుడు పళ్ళు తయారుచేసే చిన్న ల్యాబులో పని అతనికి. తొంభైల మొదట్లో మా నాన్నకు పళ్ళ సెట్టు కోసం వెళ్ళినప్పుడు పరిచయమయ్యాడు. ఏ ఓడవాడో పారేసిపోయిన ఇంగ్లీషు పత్రిక ఒకటి పాత పుస్తకాల బండి మీద దొరికిందట. అందులో నెరిసిన గడ్డాల దొరలు బల్ల చుట్టూ నిలబడి, బొమ్మ సైన్యాలతో పాత యుద్ధాలు మళ్ళీ ఆడుతున్నారు. అది చూపించి, "మనకేటి తక్కువ బావా?" అన్నాడు. మాది గుడివాడ వైపు. అక్కడ బావ అంటే వరస ఉండాలి. ఇక్కడ పరిచయమైన రెండో రోజుకే బావ.

మూడోవాడు అప్పల్రాజు. వలలు, గేలాలు అమ్మే కొట్టు అతనిది. వలకు కట్టే సీసపు గుళ్ళు అతను తెచ్చేవాడు. ఇమ్మానుయేలు పళ్ళకు అచ్చు తీసే ప్లాస్టర్‌తోనే సైనికులకూ అచ్చులు చేసేవాడు. సీసం కరిగించి పోయడం నా వంతు. కత్తులకు స్టేప్లర్ పిన్నులు, తలపాగాలకు ఇమ్మానుయేలు భార్య రూతు గోళ్ళరంగు. సీసా ఖాళీ అయినప్పుడల్లా ఆవిడ మా ముగ్గురినీ కలిపి తిట్టేది.

మా యుద్ధం ఒక్కటే, పద్మనాభం యుద్ధం. విజయనగరం రాజుగారికీ ఇంగ్లీషు కుంపిణీ వాళ్ళకీ జరిగింది, మన పక్కనే. ఆనందపురం మీదుగా స్కూటర్ల మీద వెళ్ళి, కొండ చూసి, సంచీడు మట్టి తెచ్చుకుని, ప్లైవుడ్ మీద పచ్చగుడ్డ పరిచి ఆ కొండను మళ్ళీ కట్టాం. నేను కుంపిణీ, ఇమ్మానుయేలు రాజుగారు, పాచికలు వేసి తీర్పు చెప్పే అంపైరు అప్పల్రాజు.

చరిత్రలో రాజుగారు ఓడి ప్రాణం పోగొట్టుకున్నాడు. మా బల్ల మీద కూడా అంతే. ఎన్నేళ్ళు ఆడినా ఇమ్మానుయేలు ఓడేవాడు. పక్షం మార్చుకోమంటే ఒప్పుకునేవాడు కాదు. "ఎప్పటికైనా రాజుగార్ని బతికించి తీరతాను బావా, సూత్తండు" అనేవాడు. నాకు ఓడిపోవడమంటే ఒళ్ళుమంట. అందుకని ఒక్క పాచిక కూడా దయతలచి వదిలేవాణ్ణి కాదు.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే మిగతాదంతా దాని మీదే ఉంది. ఆటలో చచ్చిన బొమ్మను మేం బల్ల మీంచి తీసేవాళ్ళం కాదు. పడినచోటే పక్కకు పడుకోబెట్టేవాళ్ళం. ఆట అయిపోయాక, ఎవరు చంపారో వాళ్ళే తమ చేత్తో లేపి నిలబెట్టాలి. "లెగు బావా, ఆట అయిపోనాది" అని ఒక్కొక్కడికీ చెప్పాలి. గెలిచినవాడు ముందు లేపాలి, ఓడినవాడు తర్వాత. ఇంకొకరు ముట్టుకోకూడదు.

ఈ రూలు ఇమ్మానుయేలుదే. "సంపినోడే లేపాల. లేపీవరకూ ఆడి బరువు నీ మీదే" అనేవాడు. చర్చిలో విన్నదో, సొంతంగా పుట్టిందో నేనడగలేదు. మొదట్లో వెక్కిరించాను, తర్వాత అలవాటైపోయింది.

మా చివరి ఆట మూడు నాలుగు ఆదివారాలు సాగింది. రెండు వేల మూడో, నాలుగో, వేసవికి ముందు. ఆసారి పాచికలన్నీ అతని వైపే. నా సిపాయిలు సగం మంది పడుకున్నారు. అతనివాళ్ళూ బాగానే పడ్డారు గానీ, రాజుగారు మాత్రం కొండమీద చెక్కు చెదరకుండా ఉన్నాడు. నా దగ్గర ఇంకా రెండు ఫిరంగులున్నాయి. ఆట నా చేయి దాటిపోలేదు. ఇది నేనిప్పటికీ అంటాను.

మధ్యలో ఒక తమాషా జరిగింది. అప్పల్రాజు పాచిక అందుకోబోయి మోచేత్తో నా జెండా సిపాయిని పడగొట్టాడు. నేను లేపబోతే ఇమ్మానుయేలు ఆపాడు. "ముట్టుకోకు బావా. అంపైరు సంపేసినాడు. ఆడే లేపాల, బజ్జీలు కూడా ఆడే తేవాల." ముగ్గురం కడుపు పట్టుకుని నవ్వాం. జెండా సిపాయిని అలాగే పడుకోబెట్టేశాం.

సాయంత్రం ప్రార్థనకు టైమైందని ఆట ఆపాం. మెట్లు దిగుతూ, "వచ్చే ఆదివారం నీ పని అయిపోనాదే" అన్నాడు.

వచ్చే ఆదివారం రాలేదు. వారం మధ్యలో పొద్దున్నే ల్యాబుకు బయల్దేరి, వీధి చివర గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆసుపత్రికి చేరేలోపే పోయాడు. నలభై మూడేళ్ళ మనిషి, సిగరెట్ కూడా తాగేవాడు కాదు. సమాధి దగ్గర అందరూ పాట పాడుతుంటే నాకు ఒకటే కోపం. ఎవరి మీదో తెలియదు. ఆట మధ్యలో లేచిపోతాడా మనిషి?

ఆ రోజే రూతు మేడగదికి తాళం వేసేసింది. పిల్లల్లేరు. రెండు మూడు నెలలకు ఆనందపురంలో అక్క దగ్గరికి వెళ్ళిపోతానని, గది ఖాళీ చేయాలని కబురు పెట్టింది. బల్లను ఉన్నది ఉన్నట్టుగా మా క్వార్టర్‌కు తెచ్చుకోవాలని నా పట్టుదల. ఆట చెదరకూడదు. ఇమ్మానుయేలు వైపు పాచికలు అప్పల్రాజు చేత వేయించైనా పూర్తి చేయాలనుకున్నాను. నాకు మిగిలింది అదొక్కటే.

ఆదివారం మధ్యాహ్నం, మంచి ఎండలో వెళ్ళాం. ఉప్పుగాలికి తాళం తుప్పుపట్టి బిగుసుకుపోయింది. కిరసనాయిలు చుక్కలు పోసి, తట్టి తట్టి తీశాను. ఆ గదికి ఇంకో దారి లేదు. ఉన్న ఒక్క కిటికీ లోపలి గడియ వేసే ఉంది.

వన్ టౌన్ మసి సంగతి అక్కడున్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. రేవులో దించే బొగ్గు పొడి గాలికి వచ్చి పడుతుంది, పొద్దున్న తుడిస్తే సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. తలుపులు మూసినా సందుల్లోంచి వస్తుంది. గదంతా నల్లటి పొడి. బల్ల మీద పచ్చగుడ్డ నల్లగుడ్డ అయిపోయింది.

ముందు చూసింది అప్పల్రాజు. నేను టేపుతో గుమ్మం వెడల్పు కొలుస్తున్నాను. "బావా, ఓపాలి ఇటు సూడు" అన్నాడు.

నా సిపాయిలు నిలబడి ఉన్నారు.

ఇమ్మానుయేలు చంపినవాళ్ళంతా పడినచోటే లేచి నిలబడ్డారు. నేను చంపిన రాజుగారి మనుషులు మాత్రం ఎక్కడివాళ్ళక్కడ పడుకునే ఉన్నారు.

"ఎవరు ముట్టుకున్నార్రా ఇది?" అని అరిచాను. నాకు మొదట వచ్చింది కోపమే.

"నన్నడుగుతావేటి? తాళం ఇప్పుడే కదా తీసినావు!"

రూతును పైకి పిలిచాం. ఆవిడ గుమ్మం దాటి లోపలికి రాలేదు. "నాను ముట్టుకోనేదన్నయ్యా. ఈ తలుపు తియ్యడానికి నాకు గుండె సాలనేదు" అని ఏడ్చింది. ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదు. చెప్పినా, ఏ బొమ్మను ఎవరు చంపారో ఆవిడకెలా తెలుస్తుంది? ఆవిడ మా ఆట ఒక్కరోజు కూడా కూర్చుని చూడలేదు.

నేను గేజీలు చూసే మనిషిని. వంగి, కళ్ళజోడు తుడుచుకుని చూశాను. లేచి నిలబడ్డ ప్రతి సిపాయి పక్కనా గుడ్డ మీద పచ్చగా, శుభ్రంగా, మనిషి పడుకున్న ఆకారం. అంటే మసి పడుతున్నంత కాలం వాళ్ళు పడుకునే ఉన్నారు. లేచి ఎంతోసేపు కాలేదు. లేచి ఒక్కరోజైనా అయితే ఆ పచ్చటి చోట్ల మీద కూడా మసి పడేది.

ఇంకొకటి. ప్రతివాడికీ ఒక పక్కంతా మసి, ఒక పక్క రంగు. వేళ్ళతో పట్టుకుని లేపితే మసి చెరగాలి కదా? ఎక్కడా చెరగలేదు. నేల మీద అడుగులేమైనా ఉన్నాయేమో అంటే, ఆ సంగతి తట్టేసరికే మేమిద్దరం తొక్కేశాం. మా దగ్గర ఫోటో తీసే ఫోన్లు లేవప్పుడు. ఈ రెండూ నాకు ఇప్పటికీ కడుపుమంట.

భూమి కంపించిందేమో అనుకున్నాను. కంపిస్తే నిలబడ్డవాళ్ళు పడతారు గానీ పడ్డవాళ్ళు లేస్తారా? ఎలుకలా? ఎలుకకు కుంపిణీ ఎవరో, రాజుగారెవరో తెలుసా?

అప్పుడు అప్పల్రాజు కొండ పక్కకు వేలు చూపించాడు. నా సిపాయిల్లో ఒక్కడు మాత్రం ఇంకా పడుకుని ఉన్నాడు. జెండా సిపాయి.

"ఆడు నాను పడగొట్టినోడు బావా" అన్నాడు.

ఆ సంగతి తెలిసినవాళ్ళం ముగ్గురమే. అప్పల్రాజు చేయి చాచి, జెండా సిపాయిని లేపి నిలబెట్టాడు. "లెగు బావా, ఆట అయిపోనాది" అని బావురుమన్నాడు. అతని వేళ్ళు పట్టినచోట మసి చెరిగి రంగు కనబడింది. మిగతావాళ్ళ మీద అలాంటి గుర్తు ఒక్కటీ లేదు.

తర్వాత నా వైపు తిరిగి, "ఇంక నువ్వే బావా. ఆడు ఆడి పని సేసీసినాడు" అన్నాడు.

నేను లేపలేదు. గెలిచినవాడే కదా ముందు లేపేది! అంటే రాజుగారు బతికిపోయాడనీ, ఆట అయిపోయిందనీ ఇమ్మానుయేలే తేల్చేశాడన్నమాట. నాకు రెండు ఫిరంగులున్నాయిరా, ఎలా అయిపోతుంది? అలా పైకే అరిచాను, అప్పల్రాజు చూస్తుండగానే. నిజం చెప్పాలంటే ఫిరంగుల గొడవ కాదది. నేను లేపితే ఆట అయిపోతుంది. ఆట అయిపోతే వాడు నిజంగానే పోయినట్టు.

పడుకున్నవాళ్ళను ఎక్కడివాళ్ళనక్కడ ఇమ్మానుయేలు పళ్ళ పనికి వాడే మైనంతోనే అంటించి, బల్లను వ్యానులో మా ఇంటికి తెచ్చాను. రిటైరయ్యాక గాజువాకలో ఇల్లు కట్టుకుంటే అక్కడికీ వచ్చింది. మా ఆవిడ దాని మీద దుప్పటి కప్పి అప్పడాలు ఆరబెట్టేది. ఆ దుప్పటి కింద వాళ్ళు అలాగే పడుకుని ఉన్నారని తెలిసి నాకు కుదురుగా నిద్ర పట్టేది కాదు. పడుకోబెట్టింది నేనే కదా.

కొన్నేళ్ళకు రూతు చూడ్డానికి వచ్చింది. జుట్టు బాగా నెరిసింది. దుప్పటి తీయమంది. చాలాసేపు చూసి అడిగింది.

"మా ఆయన గెలిసినారా అన్నయ్యా? ఆ ఆదివారం ప్రార్థన నుంచొచ్చి, 'రూతూ, ఈసారి రాజుగారు బతికీత్తారే' అన్నారు. పెళ్ళైన కాడ్నుంచి అంత సంబరంగా అన్నం తినడం నాను సూడనేదు."

నా రెండు ఫిరంగుల వైపు చూశాను.

"గెలిచాడమ్మా" అన్నాను.

ఆవిడ వెళ్ళాక మైనం గీకి, ఒక్కొక్కణ్ణీ లేపాను. ప్రతివాడికీ చెప్పాను. లెగు బావా, ఆట అయిపోనాది. ఏడుస్తూనే చెప్పాను, నాకేం సిగ్గు లేదు.

చివరివాడి దగ్గర చేయి ఆగిపోయింది. డప్పువాడు, ఇమ్మానుయేలు మొట్టమొదట పోతపోసిన బొమ్మ, ఒక చెవి సరిగ్గా రాలేదు. వాణ్ణి లేపలేదు.

నా సిపాయిలను ఎవరు లేపారో నాకు తెలియదు. ఇన్నేళ్ళు అన్ని వైపుల నుంచీ ఆలోచించాను. బిగించడానికి వాల్వు ఎక్కడా దొరకలేదు. అప్పల్రాజు తేల్చేసుకున్నాడు, హాయిగా ఉన్నాడు. నేను తేల్చుకోలేదు.

ఇప్పటికీ ఆదివారం మధ్యాహ్నం దుప్పటి ఎత్తి డప్పువాణ్ణి చూస్తాను. వాడు తనంత తాను లేచి ఉంటాడేమోనని కాదు. నేను చంపినవాణ్ణి ఇమ్మానుయేలు ముట్టుకోడు, రూలు తప్పే మనిషి కాదు. నా కోసం ఆగుతాడు. ఆగనీ, ఇంకొన్నాళ్ళు.