సర్దార్ కర్ర ఎవరి చేతుల ఉన్నది?

ఆ కాలంలో నాకు తెలియని విషయం ఈ భూమండలం మీద ఒకే ఒక్కటి ఉండేది; అదేమిటో మాత్రం నాకు తెలియదు. గోదావరిఖనిలో ఒక ప్రైవేటు కాలేజీలో అర్థశాస్త్రం చెప్పేవాణ్ని. ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. అమెరికాలో పెద్ద బ్యాంకులు మూతపడుతున్న ఏడాది, మా ప్రిన్సిపాల్ పిలిచి "గని కార్మికుల క్లబ్బులో దీని మీద మాట్లాడు. జనం మధ్యలో లేచిపోకపోతే నీ ఉద్యోగం పర్మినెంటు" అన్నారు. పద్నాలుగు పుస్తకాలు మింగి (పదమూడింటికి అట్టలే మింగాను), బావ టై అడిగి కట్టుకుని వేదికెక్కాను.

"అమెరికాలో బ్యాంకులు కూలిపోయాయి!" అని గర్జించాను. ఆ దెబ్బకు జ్యోతినగర్ కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కాసేపు పొగ మానేశాయని ఇప్పటికీ నా నమ్మకం. ముందు వరుసలోంచి మా పక్క క్వార్టరు కాక గాభరాగా లేచాడు. ఆయన బొగ్గుగనిలో సర్దార్. షిఫ్టు మొదలయ్యే ముందు కర్రతో గని పైకప్పు తట్టి వింటాడు. డొల్ల చప్పుడొస్తే ఒక్కణ్నీ లోపలికి పోనివ్వడు.

"లోపల ఎంతమంది చిక్కిన్రు సారూ?"

నేనొక్కణ్నే నవ్వాను. ఆ హాల్లో 'కూలింది' అన్న మాటకు ఒకటే అర్థమని అప్పుడు గుర్తొచ్చింది.

"కూలింది కప్పు కాదు కాకా, బ్యాంకుల మీది నమ్మకం."

"గట్లనా! ముందుగాల తట్టి చూసెటోడు లేకుండెనా?"

"ఉన్నారు. ఏ దేశానికి ఆ దేశం."

"దునియా అంత ఒక్కటే బొగ్గుబాయి గద? ఆడ కూలితె ఈడ దుమ్ము లేవవట్టె. ఎవని మూల వాడే తట్టుకుంటె ఎట్ల?"

"అందరికీ కలిపి ఒక పెద్ద సంస్థ ఉంది. కాకపోతే అక్కడ అమెరికా మాటే చెల్లుతుంది. అన్ని దేశాలూ దాచుకునేదీ అమెరికా డాలర్లే."

"అంటె సర్దార్ కర్ర, బొగ్గు తీయించె మేనేజరు చేతులనే ఉన్నదన్నట్టు!"

హాలు హాలంతా నవ్వింది. కాక మాత్రం నవ్వలేదు. "డొల్ల సప్పుడొస్తె నేను మేనేజరునైనా ఆపుత. గసుంటి సర్దార్ దునియాకు ఎప్పుడొస్తడు సారూ?"

పద్నాలుగు పుస్తకాల్లోనూ ఇంత సూటి ప్రశ్న లేదు, జవాబు సంగతి సరే సరి. గత్యంతరం లేక ఆయన మాటకే కోటు తొడిగాను: "రాబోయే కాలంలో ప్రపంచ ఆర్థిక వ్యవస్థకు కావలసింది, అగ్రరాజ్యాన్ని సైతం నిలువరించగల స్వతంత్ర పర్యవేక్షణ!" ప్రిన్సిపాల్ లేచి చప్పట్లు కొట్టారు. ఒక్కరూ లేచిపోలేదు (డ్యూటీకెళ్లిన ఇద్దరు తప్ప). ఉద్యోగం నిలిచింది.

బయట కాక నా భుజం రెండుసార్లు తట్టి, చెవి ఒగ్గి విన్నాడు. "జర డొల్లనే ఉన్నది బిడ్డా. ఫికర్ లేదు, సపోర్టు పెడితె నిలుస్తవ్."

కాక చెప్పిన ఆ సర్దార్ మాటను ఏటా నా మాటగా పాఠంలో చెప్పుకుని బతికాను. దేశాల పెద్దలు వరుసగా నిలబడ్డ ఫోటో కనబడినప్పుడల్లా కర్ర ఎవరి చేతిలో ఉందా అని వెతుకుతాను. తర్వాత, ఎవరూ చూడకుండా, నా భుజం నేనే తట్టుకుని వింటాను. చప్పుడు అప్పటిదే. సపోర్టూ అప్పటిదే, కాక మాట.