మాస్టారు కొట్టేసిన సన్మాన పత్రం

మల్లికార్జునరావు మాస్టారు ఒకసారి వేసిన లెగ్ బ్రేక్ పిచ్ మీద పడి, ఏలూరు కాలువ దాటి, అవతలి గట్టున బజ్జీల మూకుట్లో మునిగి, నూనెలో రెండు తిప్పులు తిరిగి, మళ్ళీ కాలువ ఈదుకుంటూ వచ్చి ఆఫ్ స్టంపును పడగొట్టింది. అవుటైన బ్యాట్స్‌మన్ పోతూ పోతూ బంతికి అంటిన శనగపిండి నాకి చూసి, ఉప్పు తగ్గిందన్నాడు.

ఈ సంగతిని నేను ఆయన సన్మాన పత్రంలో మొదటి పేరాలోనే రాశాను. ఆయన చదివి, జేబులోంచి పెన్ను తీసి, స్కేలు పెట్టినంత తిన్నగా ఒక్క గీత కొట్టి, పక్కన 'ఎం.ఆర్.' అని పొట్టి సంతకం పెట్టారు.

"నేను లెగ్ బ్రేక్ వెయ్యనురా. ఆఫ్ స్పిన్," అన్నారు.

అంతే. కాలువ గురించి గానీ బజ్జీల గురించి గానీ ఒక్క మాట లేదు. ఇలాంటి మనిషికి సన్మానం చెయ్యడం ఎంత కష్టమో అనుభవించినవాడికే తెలుస్తుంది.

ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో ఆయన ముప్పై మూడేళ్ళు పనిచేశారు. కంట్రోల్ రూములో కూర్చుని గంట గంటకూ మీటర్లు చూసి లాగ్ బుక్కులో అంకెలు రాయడం ఆయన ఉద్యోగం. ఆ పుస్తకంలో తప్పు పడితే చెరపకూడదట. దిద్దకూడదట. ఒక్క గీత కొట్టి, పక్కన సంతకం పెట్టి, సరైన అంకె రాయాలట. ముప్పై మూడేళ్ళు అలా రాసీ రాసీ ఆయన బుర్ర కూడా లాగ్ బుక్కయిపోయింది. ఉన్నది ఉన్నట్టు ఉండాలి. ఎక్కువ ఉన్నా తప్పే, తక్కువ ఉన్నా తప్పే.

రాత్రి షిఫ్టు దిగితే ఇంటికి పోయి పడుకోవాలి కదా, ఎవరైనా. ఈయన మొదటి బస్సెక్కి, ఆ నీలం యూనిఫారంతోనే, కాలర్ మీద బొగ్గు నుసితోనే, ఏడు కాకముందే మా గ్రౌండులో ఉండేవారు. కాలువ పక్కన ఎవరూ పట్టించుకోని ఖాళీ స్థలం అది. నల్లరేగడి నేల. ఎండాకాలంలో పగుళ్ళిచ్చి బంతుల్ని మింగేది, వానాకాలంలో బూట్లను మింగేది. దాని మీద రోలరు లాగించి, కొబ్బరి పీచు మ్యాట్ పరిపించి, అంచులకు మేకులు కొట్టించి, ముప్పై ఒక్క ఏళ్ళు 'కాలువగట్టు క్రికెట్ క్లబ్' నడిపారు. పక్కన అంతోని బాబాయ్ ఒక్కడే తోడు. అంతోని బాబాయ్ వన్ టౌన్‌లో ఆటో నడుపుతాడు. మా మ్యాచ్‌లకు అంపైరూ ఆయనే, స్కోరరూ ఆయనే. ఆటో మీటరైనా తప్పు చూపించవచ్చు గానీ ఆయన స్కోరు పుస్తకం తప్పదు. మాస్టారికి అలాంటివాడే దొరకాలి మరి.

పోయిన నెల మాస్టారు రిటైరయ్యారు. భార్య బాలాత్రిపురసుందరిగారిది చల్లపల్లి. క్వార్టర్స్ ఖాళీ చేసి అక్కడికి వెళ్ళిపోతున్నారు. మాస్టారు లేకపోతే నేనెందుకని అంతోని బాబాయ్ కూడా చేతులెత్తేశాడు. అంటే క్లబ్బే మూత. అందుకని పాతవాళ్ళం కలిసి ఆదివారం గ్రౌండులోనే సన్మానం పెట్టాం. శాలువా, పూలదండ, పళ్ళ బుట్ట, ఫ్రేము కట్టిన సన్మాన పత్రం. పత్రం నేను రాస్తానన్నాను. క్లబ్బు మొత్తంలో తెలుగు నాలా రాసేవాడు ఇంకొకడు లేడు. ఇది గొప్ప కాదు, ఎవరినైనా అడగండి.

పత్రమంటే 'ఓ' అనే పిలుపుతో మొదలుపెట్టాలి. నేను 'ఓ క్రీడా భగీరథా!' అని మొదలుపెట్టాను. ఆయన దాన్నీ కొట్టేశారు.

"భగీరథుడు నీళ్ళు తెచ్చాడు. మన కాలువ మనం రాకముందే ఉంది."

"మాస్టారూ, అది పొగడ్తండీ. పొగడ్తలో కాలువలు లెక్కపెట్టరు."

"లెక్క తప్పితే పొగడ్త ఎలా అవుతుందిరా?"

తర్వాతి పేరాలో 'నలభై మంది రంజీ వీరులను తీర్చిదిద్దిన' అని రాశాను. గీత. సంతకం. పక్కన చిన్న అక్షరాలతో: 'రంజీకి ఎవరూ వెళ్ళలేదు. శ్రీచరణ్ జిల్లా జట్టులో పన్నెండో ఆటగాడు. డ్రింక్స్ అందించాడు.' కాసేపు ఆలోచించి 'బాగా అందించాడు' అని కలిపారు. ఆయన నోట అంతకంటే పెద్ద మెచ్చుకోలు నేను వినలేదు. నేను సెంచరీ కొట్టిన రోజున కూడా "సరే" అన్నారు. అది సెంచరీ కాదు, తొంభై నాలుగు అని అంతోని బాబాయ్ అంటాడు. ఆరు పరుగుల కోసం నేను గొడవపడను.

ఇలా పేరా పేరాకూ గీతలు. నేను రాత్రుళ్ళు నిఘంటువు పక్కన పెట్టుకుని ఏరి తెచ్చిన మాటలు ఆయన కలుపు పీకినట్టు పీకేస్తుంటే కడుపు మండిపోయింది. అయినా ఓర్చుకున్నాను. చివరి పేరాకొచ్చేసరికి ఆయన పెన్ను ఆగింది. గీత కొట్టలేదు. కాగితం మడిచి నా చేతిలో పెట్టారు.

"ఇది నేను కొట్టను. నువ్వే కొట్టు," అన్నారు.

అక్కడ రాసింది ఇది: 'పరీక్ష హాలులో మగ్గుతున్న ఈ జయకృష్ణను మైదానానికి పిలిచి, పుస్తకాల బరువు దించి, బంతి చేతికిచ్చిన మహానుభావా!'

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. తొమ్మిదేళ్ళ కిందట నేను ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఎం-త్రీ లెక్కల పరీక్షకు వెళ్ళలేదు. తర్వాత కాలేజీకే వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదంటే ఆ రోజు ఫైనల్ మ్యాచ్ ఉంది, మాస్టారు రమ్మన్నారు అని ఇంట్లో చెప్పాను. మాస్టారు రమ్మన్నారా అంటే, నోరు తెరిచి రమ్మనలేదు. పరీక్ష రాసిరా, తర్వాతే నెట్స్ అని వారం ముందే చెప్పారు. కానీ గొప్ప ఆటగాణ్ణి ఎవరో నోటితో పిలవాలా? ఇలా అనుకునే తొమ్మిదేళ్ళు గడిపాను. బంధువులకూ, స్నేహితులకూ, వన్ టౌన్‌లో నేను పనిచేసే ప్లాస్టిక్ సామాన్ల షాపుకు వచ్చిన ప్రతి బేరగాడికీ ఇదే చెప్పాను. చెప్పిన కొద్దీ కథ బాగుపడింది.

మా అమ్మ వెంకటరత్నమ్మ మాత్రం ఆ కథను మెచ్చుకోలేదు, నమ్మింది. మా ఇల్లు గ్రౌండుకు ఎదురుగానే, కానీ ఆ పరీక్ష రోజున ఆవిడ ఊళ్ళో లేదు. మాస్టారు పొద్దున్నే గేటు ముందు నుంచి పోతుంటే అమ్మ ముగ్గు వేస్తూ తలెత్తకుండా అనేది:

"ఏవండీ మాస్టారూ, ఇవాళ ఎవరి పిల్లాడి చదువు మాన్పిస్తున్నారు?"

"నమస్కారమండీ," అని ఆయన వెళ్ళిపోయేవారు.

ఒకరోజు కాదు. తొమ్మిదేళ్ళు. వీధిలో వినడానికి చెవులున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. 'ఆ మాస్టారి దగ్గరికి పంపితే చదువు గోవిందా' అన్న మాట కాలువ వెంట పాకింది. నేను చేరినప్పుడు నెట్స్‌లో నలభై మంది. పోయిన ఏడాదికి ఏడుగురు. మ్యాట్ పరవడానికి కూడా చాలక ఆయనే ఒక పక్క పట్టుకుని లాగేవారు.

"మీరే అమ్మకు చెప్పెయ్యొచ్చుగా?" అని ఒకసారి విసుక్కున్నాను. విసుక్కోవలసింది నేను కాదని తెలుసు. అయినా విసుక్కున్నాను.

"నేను చెబితే చాడీ అవుతుంది. నీ సంగతి నువ్వు చెప్పుకోవాలి."

"చెబుతాను లెండి."

"ఎప్పుడు?"

"వీలు చూసుకుని."

ఆ వీలు ఇప్పటిదాకా దొరకలేదు. ఇప్పుడు చూస్తే ఆయన పెట్టె సర్దేసుకున్నారు. చివరి పేరా మడిచి నా చేతిలో పెట్టిన రోజునే, సన్మానం కార్డు పట్టుకుని మొట్టమొదటిసారి మా గేటు తీసుకుని లోపలికొచ్చారు.

"నన్నెందుకు పిలుస్తున్నారండీ?" అంది అమ్మ, కార్డు ముట్టుకోకుండా.

"మీరు రావాలండీ," అన్నారు. కార్డు అరుగు మీద పెట్టి, దాని మీద గాలికెగరకుండా మా చెప్పుల స్టాండు మీదున్న తాళంకప్ప పెట్టి వెళ్ళారు.

బయట నన్ను పట్టుకుని చెప్పారు. "ఆదివారం మీ అమ్మగారు వస్తారు. అందరి ముందూ ఒక్క ముక్క చెప్పు. పరీక్ష మానెయ్యమని నేను అనలేదని. చాలు. అది చెప్పకపోతే నాకు ఈ శాలువా వద్దు, పత్రం వద్దు."

"పత్రంలో రాసెయ్యమంటారా?"

"వద్దు. నోటితో చెప్పు. నోటితోనేగా మొదలైంది."

సరేనన్నాను. ఒట్టు కూడా వేశాను. చివరి పేరా తీసేసి అంత మేరా ఖాళీ వదిలి ఫ్రేము కట్టించాను. ఆ ఖాళీ వచ్చినప్పుడు తలెత్తి నిజం చెప్పాలి. ఇదీ ఒప్పందం.

ఆదివారం సాయంత్రం షామియానా, కుర్చీలు, మైకు. ముఖ్య అతిథి దుర్గాప్రసాద్‌గారు, వ్యాపారుల సంఘం పెద్దమనిషి, గంటన్నర ఆలస్యంగా వచ్చి, తాను చిన్నప్పుడు ఎంత బాగా గోలీలాడేవాడో నలభై నిమిషాలు చెప్పారు. మాస్టారి పేరు రెండుసార్లు తలిచారు, రెండుసార్లూ మల్లేశ్వరరావు అన్నారు. మాస్టారు కుర్చీలో కదిలారు. పెన్ను కోసం జేబు తడుముకున్నారేమో కూడా. అంతోని బాబాయ్ నా చెవిలో అన్నాడు:

"జయా, చెప్పేస్తావుగా?"

"చెప్పకేం బాబాయ్."

"నీ కథలన్నీ నేను విన్నాను. ఒక్కదానికీ నేను అడ్డు రాలేదు. ఇవాళ మాత్రం అడ్డం తిరగకు."

"నన్ను నమ్మవా?"

"స్కోరర్ని రా నేను. పడిన పరుగే రాస్తాను."

అమ్మ మూడో వరసలో కూర్చుంది. పెళ్ళిళ్ళకు కట్టే చీర కట్టుకుంది. పక్కన మా వీధివాళ్ళందరూ. శ్రీచరణ్ భార్యను తీసుకొచ్చాడు. నాతో ఆడినవాళ్ళు ఇప్పుడు పొట్టలు పెంచుకుని, పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని నా వంకే చూస్తున్నారు. వాళ్ళలో సగం మంది ఇళ్ళల్లో నా పేరు చెబితే గుర్తొచ్చేది ఆ ఫైనల్ కథ ఒక్కటే.

పత్రం చదివాను. గొంతు బాగా పలికింది. మాస్టారు సరిచేసిన మాటలు సరిచేసినట్టే చదివాను. 'బాగా అందించాడు' అన్నచోట శ్రీచరణ్ లేచి నిలబడి దండం పెట్టాడు. జనం నవ్వారు. ఖాళీ దగ్గరికొచ్చాను. తలెత్తాను. అమ్మ కళ్ళజోడు సర్దుకుని నన్నే చూస్తోంది. చెప్పవలసిన వాక్యం నోట్లోనే ఉంది. ఆరు మాటలు.

"ఇక చివరిగా," అన్నాను, "నా సంగతి."

జనం అప్పుడే నవ్వడం మొదలుపెట్టారు. చూడండి, అదీ నా ఖర్మ. నేను నోరు తెరవకముందే నవ్వుతారు. నవ్వేవాళ్ళ ముందు ఆరు మాటలు చెప్పి కూర్చోవడం ఎవరి తరం?

"ఆ రోజు గన్నవరం అవతల మా కాలేజీలో, ఎం-త్రీ పేపరు ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఇంతలో ఈల వినబడింది! ఎవరిదనుకున్నారు? మాస్టారిది! ఇక్కడ కాలువగట్టు మీద నిలబడి వేసిన ఈల, రామవరప్పాడు దాటి, నిడమానూరు దాటి, కిటికీలోంచి దూరి నా పెన్ను క్యాప్ ఊడగొట్టింది! ఇన్విజిలేటర్ పరుగు పరుగున వచ్చి, బాబూ, నీ కోసం ఎవరో పిలుస్తున్నారు, పేపరు నేను రాస్తాను, నువ్వు వెళ్ళు అన్నాడు! వచ్చాను. బంతి అందుకున్నాను. ఏడు వికెట్లు!"

షామియానా ఊగిపోయింది. చప్పట్లు, ఈలలు. దుర్గాప్రసాద్‌గారు లేచి నన్ను కౌగిలించుకున్నారు. అంతోని బాబాయ్ ఒక్కడే చప్పట్లు కొట్టలేదు. రెండు చేతులతో ముఖం రుద్దుకుంటున్నాడు. అప్పటికి గానీ నేనేం చేశానో నాకు తలకెక్కలేదు. మైకు ఇంకా చేతిలోనే ఉంది. ఇప్పుడైనా చెప్పొచ్చు.

అమ్మ లేచి నిలబడింది.

"విన్నారుగా అందరూ! వాడి నోటితోనే చెప్పాడు. తొమ్మిదేళ్ళుగా నేను మొత్తుకుంటున్నది ఇదే. ఏవండీ మాస్టారూ, ఇప్పుడైనా ఒప్పుకుంటారా, లేక నమస్కారమండీ అని వెళ్ళిపోతారా?"

చప్పట్లు ఆగిపోయాయి. మాస్టారు మోకాలు పట్టుకుని మెల్లగా లేచారు. శాలువా తీసి, నాలుగు మడతలు పెట్టి, కుర్చీలో పెట్టారు. నా దగ్గరికొచ్చి, నా ముఖం చూడకుండా చెయ్యి చాచారు. మైకు ఇచ్చాను. ఆయన కోప్పడలేదు. గొంతు కూడా పెంచలేదు. కంట్రోల్ రూములో షిఫ్టు అప్పగించేటప్పుడు తర్వాతివాడికి రీడింగులు చదివి వినిపిస్తారు చూడండి, అలా, అమ్మ వైపు తిరిగి చెప్పారు:

"రత్నమ్మగారూ, ఆ రోజు మ్యాచ్ లేదండీ. ముందురోజు నుంచి వాన, గ్రౌండులో మోకాలి లోతు నీళ్ళు. నేను ఇబ్రహీంపట్నంలో పొద్దుటి షిఫ్టులో ఉన్నాను. నాకు ఈల వెయ్యడం రాదు."