లోపం చూపిస్తే గంట ఉచితం

మొన్న మా అమ్మాయి ఫోన్‌లో ఏదో చదువుతూ, తమ సాఫ్ట్‌వేర్‌లో భద్రతా లోపం కనిపెట్టినవాళ్లకు పెద్ద కంపెనీలు లక్షల్లో బహుమానాలిస్తాయట అని ఆశ్చర్యపోతుంటే నాకు నవ్వాగలేదు. ఈ పద్ధతి మైదుకూరులో మీ తాతయ్య ఎప్పుడో పెట్టారే అన్నాను. అది నమ్మితేగా.

పెన్‌డ్రైవ్‌లు కొత్తగా వచ్చిన రోజులవి. మామగారిది చేనేత చీరల కొట్టు. పోరి పోరి ఆ కొట్టు ముందుగది సంపాదించి, మూడు కంప్యూటర్లతో ఇంటర్నెట్ సెంటర్ పెట్టుకున్నాను. ఇంటర్ ఫలితాల రోజున గనక ఈ మిషన్లు మొండికేస్తే గది మళ్లీ చీరల మూటలకే అని ఆయన ముందే చెప్పేశారు. అది పోతే నేను మళ్లీ వంటింటికే, అందుకే పరీక్ష రాసిన పిల్లలకంటే నాకే ఎక్కువ బెంగగా ఉండేది.

ఆ రోజుల్లో వైరస్‌లు ఎలా పీక్కుతిన్నాయో మన ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు. కొనే స్తోమత లేక, ఏది మంచిదో తేల్చుకుందామని మూడింటిలో మూడు రకాల ఉచిత యాంటీవైరస్‌లు వేశాను. ఒకటి అయినదానికీ కానిదానికీ గగ్గోలు పెట్టేది, ఇంకొకటి అప్‌డేట్ అంటూ ఉన్న కాస్త నెట్‌నూ తానే తాగేసేది, మూడోది మా ఆయనలాగే అంతా బాగుందని చెప్పి నిద్రపోయేది. ఫలితాలు ఇంకో వారంలో అనగా మూడు కంప్యూటర్లూ మూలపడ్డాయి, నేను కూర్చుని ఏడ్చాను.

అది చూసి కూడా మామగారు గది అడగలేదు. మగ్గం మీంచి వచ్చిన చీరలను ఆయన అరుగు మీద పరిపించి, తెగిన పోగు చూపించినవాళ్లకు గుప్పెడు బొరుగులు, బెల్లం ముక్క పెట్టేవారు. వీధి వీధంతా వచ్చి వెతికేది. "మన సరుకు మన కంటికి శానా బాగుంటాదమ్మా, తప్పు పక్కోళ్లకే కనపడేది. నువ్వూ అట్లే పెట్టు" అన్నారు. కంప్యూటర్లను ఎలాగో మళ్లీ లేపి, లోపం చూపిస్తే గంట ఉచితం అని అట్టముక్క మీద రాసి వేలాడదీశాను. కాలేజీ పిల్లలు తోచినవన్నీ చెప్పారు, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీ గుమస్తా ఒకాయనైతే కుర్చీ ఊగుతోందని చెప్పి గంట అడిగాడు.

చివరికి అసలు లోపం పట్టింది మామగారే. నేను ఎవరిదో పెన్‌డ్రైవ్ పెడుతుంటే వెనక నిలబడి చూస్తూ, "ఏమ్మా, ఆ పుల్ల గుచ్చంగానే నువ్వు ముట్టకుండానే ఏందో తెరుచుకుంటాండాదే, దొంగకు మనమే తలుపు తీస్తాండామా?" అన్నారు. యాంటీవైరస్‌లను పోల్చి చూసుకోవడంలో మునిగి నేను తలుపు సంగతే మరిచాను. పెన్‌డ్రైవ్ తనంతట తాను తెరుచుకోకుండా ఆపి, కంప్యూటర్లన్నీ శుభ్రం చేసుకున్నాను. ఫలితాల రోజు సాయంత్రందాకా ఒక్కటీ మొండికేయలేదు, గది నాకే ఉండిపోయింది.

మర్నాడు ఆయన పంచె సర్దుకుని, తన గంట తనకిమ్మని వచ్చి కూర్చున్నారు. శ్రీశైలం గేట్లెత్తే వీడియో చూడాలట. గేటు కాస్త లేవడం, తెర మీద చక్రం తిరగడం, మళ్లీ కాస్త లేవడం, ఇలా నీళ్లు దూకకముందే గంటైపోయింది. ఇంకాసేపు కూర్చోండి అన్నా వినలేదు. "సీమకు నీళ్లెప్పుడు బిరీన వచ్చినాయిలేమ్మా" అని నవ్వుకుంటూ లేచిపోయారు.

ఇప్పుడు యాంటీవైరస్ ఉందో లేదో కూడా ఎవరూ చూసుకోరు, ఆ పెద్ద కంపెనీలు తప్ప, పక్కవాళ్లను పిలిచి మా దాంట్లో తప్పు చూపించండి అని అడిగేవాళ్లూ లేరు. వేలు తాకిస్తే చాలు, శ్రీశైలం నీళ్లు రెప్పపాటులో ఫోన్‌లో దూకుతాయి. అవి దూకిన ప్రతిసారీ, మామగారూ, ఇంకాసేపు కూర్చోండి అనాలనిపిస్తుంది.