లక్ష్మీరాజం బేరం

సాంచాల ముందు, అంటే మరమగ్గాల ముందు, ఏళ్లకేళ్లు నిలబడ్డ మనిషి కూర్చొని చేసే పని కోసం కలలు కంటాడు. లక్ష్మీరాజానికి ఆ కల అదే ఊళ్లో ఆల్థాన్ పేటలో ఒక కుర్చీగా కనిపించింది. అక్కడ పాత వస్తువులు అమ్మే సేఠ్ ఒకాయన ఉన్నాడు. తాతల కాలపు గడియారాలను డబ్బున్నవాళ్లు గాజు బీరువాల్లో పెట్టుకుంటున్నారని, బాగుచేసేవాళ్లే దొరకడం లేదని ఆయన బాధ. జగిత్యాలలో మేనమామ దగ్గర ఆ పని నేర్చానని లక్ష్మీరాజం చెబితే, మాటలెందుకు, మంచి జేబు గడియారం ఒకటి నువ్వే ఎంచి, కొని, సరిచేసి చూపించు, కుర్చీ నీదే అన్నాడు సేఠ్.

అందుకే ఆదివారం పాండేసరలో తాముండే గది నుంచి భార్య లతను వెంటబెట్టుకొని పాత సామాన్ల బజారుకు వచ్చాడు. నూలు దుమ్ముకు దగ్గుతూ ముసలివాడు కాకముందే అతణ్ణి సాంచాల నుంచి బయటకు లాగాలని ఆమె ఆశ.

గుడ్డ పరిచి కూర్చున్న ముసలి గుజరాతీ దగ్గర, తుప్పు తాళాల మధ్య గడియారం దొరికింది. వెండి డొప్ప, పింగాణీ ముఖం. సెకన్ల ముల్లు విరిగిపోయింది. కీ ఇస్తే స్ప్రింగు సాఫీగా బిగిసింది. చెవి దగ్గర పెట్టుకున్నాడు. మేనమామ చెప్పిన మొదటి పాఠం అదే: విప్పకముందు వినాలి. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం సమానంగా ఉందా, నడక కుంటుతోందా అన్నది చెవితోనే పట్టాలి.

ఏ చప్పుడూ లేదు. ఆగిపోయిందన్నాడు. ముసలాయన మండిపడి, నడుస్తూనే ఉందని, "చాలూ ఛే" అని ఒకటే మాట పట్టుకున్నాడు. బజారు గోలను తిట్టుకుంటూ లక్ష్మీరాజం గోడ వారకు పోయి మళ్లీ విన్నాడు. లోపల తుప్పు ఎంతుందో చూద్దామని గోటితో వెనక మూత లేపాడు.

చక్రం ఆడుతోంది. వెంట్రుకలాంటి స్ప్రింగు ముడుచుకుంటూ, విచ్చుకుంటూ, ఏ లోటూ లేకుండా పనిచేస్తోంది.

అతను మూత మూసేశాడు.

ఖాతాలో, అంటే మగ్గాల షెడ్డులో, సాంచాల మోత మధ్య ఎవరూ చెవులను నమ్ముకోరు, పెదవులు చూసి మాట్లాడుకుంటారు. గుడ్డలో ఒక్క పోగు తెగితే కూలి కోసే సేఠ్‌లకు మనిషి చెవి పోయిందో ఉందో అక్కర్లేదు. బయట కూడా పెదవులు చూసే నెట్టుకొస్తున్నానని లక్ష్మీరాజానికి ఇంతవరకూ తట్టలేదు.

లత వచ్చి గడియారం అందుకొంది. ఒక చెవి మూసుకుని రెండో చెవికి ఆనించింది. ముఖం వెలిగింది. అతనికి ఎదురుగా జరిగి, వ్యాపారికి వినపడకుండా అంది:

"మస్తు నడుస్తుంది. బంద్ అని మంచిగ ఆడినవ్‌పో, నువ్వు గోడ దిక్కు వోంగనే ముసలోడు సగానికి దిగిండు. ఇంక జర మొకం మాడ్చుకొనుండు."

"నేను ఆడలే."

"నా దగ్గర గూడ గదే నాటకమా?"

"నాకు ఇనవడలే, లతా. చక్రం తిరుగుడు కండ్లతోటి సూసిన. సప్పుడు లేదు."

ఆమె నవ్వు వెంటనే పోలేదు, మెల్లగా పోయింది. గడియారాన్ని తానే అతని రెండో చెవికి ఆనించి, ముఖంలోకి చూసింది. అతను తల అడ్డంగా ఊపాడు. గట్టిగా అదిమితే చప్పుడు లోపలికి పోతుందేమో అన్నట్టు అదిమింది.

కొందామంది. తాను విని చెబుతుందట, అతను బాగుచేస్తే చాలునట. లక్ష్మీరాజానికి ఒక్క క్షణం ఆశ పుట్టింది.

"సూడు, రెండు దెబ్బల నడుమ ఎడం ఒక్కతీరుగ ఉన్నదా? కుంటుతుందా?"

ఆమె కళ్లు మూసుకుని చాలాసేపు విన్నది.

"టిక్కు టిక్కుమంటుంది," అంది చివరికి. "గంతే. నాకేం తెలుస్తదయ్యా."

గడియారాన్ని గుడ్డ మీద పెట్టేశారు. వీళ్లు గట్టి బేరగాళ్లనుకుని ముసలాయన ఇంకా దిగాడు, లేచి నాలుగడుగులు వెంట వచ్చి మరీ దిగాడు. అంత చవకకు అంత మంచి గడియారం మళ్లీ దొరకదని లక్ష్మీరాజానికి తెలుసు. ఆగలేదు.

బజారు దాటాక లత ఏదో అడిగింది. అతను నడుస్తూనే ఉన్నాడు. ఆమె గబగబా ముందుకు వచ్చి, దారికి అడ్డంగా నిలబడి, పెదవులు కనబడేలా మళ్లీ అడిగింది.

"రేపు దినపాళీయా, రాత్రిపాళీయా?"