బూటుకి తెలియని నేల

లిండిస్‌ఫార్న్ దీవికి ఎదురుగా ఒడ్డున లారీ దిగేసరికి ఉదయం ఎనిమిదిన్నర. ఏప్రిల్. చలి నాలుగు డిగ్రీలు. ఇంగ్లండుకి ఈశాన్యపు కొస అది. సముద్రం వెనక్కి తగ్గితే దీవి దాకా ఐదు కిలోమీటర్లు ఇసుకా బురదే. పోటు వస్తే మళ్లీ అంతా నీళ్లు. అవతల గుట్ట మీద పాత కోట, ఎండకి తేనె రంగులో మెరుస్తోంది. అబ్బ, ఏం అందమండీ! నోరు వెళ్లబెట్టి చూశాను.

మన సైన్యం నుంచి బ్రిటిష్ సైన్యంతో నెల రోజుల శిక్షణకు వెళ్లిన మా ఆరుగురికి అదే ఆఖరి పోటీ. అప్పటిదాకా అన్నిట్లోనూ మేమే వెనక. ముందుగా దీవి చేరిన జట్టుది గెలుపు. దారిలో మన చేలల్లో మంచెల్లాంటి గదులున్నాయి. నీళ్లకు భయపడి అవి ఎక్కితే ఓడినట్టే.

అప్పటికి నాది నాయక్ హోదా. ముందురోజు నోరు జారాను. "మాది కొల్లేరు సార్. బురదంటే మాకు ఇంటి వాకిలి."

"అయితే ముందు నువ్వే నడువు" అన్నారు మా జట్టు కెప్టెన్ గారు.

తొమ్మిదిన్నరకు బయలుదేరాం. వీపున పద్దెనిమిది కిలోలు. రెండో కిలోమీటరులో నా కాలు మోకాలి దాకా దిగబడింది. లాగితే బూటు రాదు. పక్క జట్టు మమ్మల్ని దాటిపోయింది.

మా రేడియో మోసేవాడిది కామవరపుకోట, మెట్ట మనిషి. "ఏవండీ నాయక్ గారూ, వాకిట్లోనే కూరుకుపోయారేంటండీ?" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పుడు వెలిగింది నా బుర్ర. మా పెదపాడు చేపల చెరువుల్లో ఎవడైనా బూట్లేసుకుని దిగుతాడా?

"సార్, బూట్లు విప్పాలి. బూటుకి నేల తెలీదు, బొటనవేలికి తెలుస్తుంది."

ఆర్డరేమో బూట్లతోనే నడవమని. కెప్టెన్ గారు గడియారం చూశారు. పది ఇరవై. వంగి తన లేసులు విప్పుకున్నారు.

బూట్లు మెడలో వేసుకుని, ఒకరి అడుగులో ఒకరం నడిచాం. నున్నగా మెరిసే బురద వదిలేసి, అలల గీతలు పడ్డ గట్టి ఇసుక మీదుగా వంకర దారిన తీసుకెళ్లాను. కాలివేళ్లు కొయ్యబారాయి. దూరంగా ఇసుకదిబ్బ మీద సీల్ జంతువులు తలలెత్తి ఊళలు పెట్టాయి. బాతులు గుంపుగా లేచాయి, అచ్చం మన కొల్లేటి ఆటపాకలో పక్షులు లేచినట్టే. తిన్నగా పోయిన పక్క జట్టు దారి మధ్యలో దిగబడి ఆగింది.

పదకొండు యాభైకి దీవి గడ్డి మీద కాలు పెట్టాం. అందరికన్నా ముందు మేమే!

"టీమ్ సిక్స్ వచ్చేసిందండీ! ఒట్టి కాళ్లతో వచ్చేసిందండీ!" రేడియోవాడు ఇంగ్లీషు మర్చిపోయి తెలుగులోనే అరిచేశాడు. కెప్టెన్ గారు నా బురద చేతిని రెండు చేతులతో పట్టుకున్నారు. ఏడ్చేశాను, దాచడం దేనికి?

నెలాఖరుకి ఏలూరు స్టేషన్‌లో దిగాను. కథంతా విని మా ఆవిడ, "అంత దూరం వెళ్లింది బురదలో నడవడానికా? ఆ మాత్రం బురద మన చెరువు దగ్గర లేదా ఏంటండీ?" అంది.

ఉంది. అందుకే గెలిచాను.

పెన్షన్ మీద వచ్చేసి ఇన్నేళ్లయినా ఒకటి కళ్ల ముందు నుంచి పోదు. ఆ మధ్యాహ్నం రెండింటికి దీవి ఒడ్డు నుంచి వెనక్కి చూశాను. పోటు వస్తోంది. మేం ఆరుగురం నడిచినా ఇసుక మీద ఒకే వరస పాదాలు. ఒక్కోదాంట్లోకీ నీళ్లు నిండుతున్నాయి. అవన్నీ ముందు నేను వేసిన అడుగులు.