ఎడమవైపుకు లాగిన సైకిలు

మా ఇంట్లో కొత్త వస్తువు ఏదొచ్చినా ముందు దానికి బొట్టు పెట్టేవారు, ఆ తరువాతే అది పనిచేస్తుందో లేదో చూసేవారు. రేడియోకీ అంతే, చేలో మందు కొట్టే మిషనుకీ అంతే. ఎనభైల చివర్లో నాకు కొన్న సైకిలుకు కూడా అంతే జరిగింది. దాంతో మేం పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు.

మాది ప్రత్తిపాడుకు నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న పల్లె. మా ఊరి బడి ఏడో తరగతితో సరి. ఎనిమిదిలో ప్రత్తిపాడు హైస్కూలుకు నాతోపాటు మా వీధి పిల్ల ఒకతె నడిచి వచ్చేది. మాఘమాసంలో వాళ్ళ కుటుంబం గుంటూరుకు మకాం మార్చింది. పత్తి చేల మధ్య అంత దూరం ఆడపిల్ల ఒక్కతే నడవడానికి వీల్లేదని నాయనమ్మ తేల్చేసింది. మా ఇంట్లో ఆవిడ మాటకు తిరుగు లేదు. నాన్న మాత్రం ఉన్నట్టుండి, "సైకిలు కొంటానమ్మా" అన్నాడు.

నాయనమ్మ ఒక్క మెట్టు దిగింది. "సరే, ఉగాది దాకా చూస్తా. ఈలోగా ఆ సైకిలు మీద తిన్నగా బడికెళ్ళొచ్చిందా, సరే సరి. లేదంటే చదివింది చాలు, కళ్ళంలో కూర్చుని తాలుకాయలు ఏరుకుంటుంది."

తాలుకాయ అంటే రంగు చచ్చి తెల్లబడిన మిరపకాయ. ఎర్రకాయ రాశిలోంచి వాటిని ఏరి పక్కన పెట్టడం మా వైపు ఆడవాళ్ళ పని. రోజంతా ఏరితే సాయంత్రానికి వేళ్ళు మండి, అన్నం కలుపుకోవడానికి కూడా భయమేస్తుంది. నాకు చదువంటే ప్రేమ ఉందో లేదో అప్పట్లో తెలియదు గాని, తాలుకాయలంటే మాత్రం ప్రాణం మీదికొచ్చేది.

మొదటి కోత కాయ అమ్మడానికి గుంటూరు యార్డుకు వెళ్తూ నాన్న నన్ను కూడా తీసుకెళ్ళాడు. అక్కడ కొనేవాళ్ళ మనిషి మా టిక్కీని, అంటే కాయ తొక్కి నింపిన గోతాన్ని, పక్కనుంచి కోశాడు. మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి గుప్పెడు కాయ లాగాడు. అందులో నాలుగు తాలుకాయలు కనిపించేసరికి మూతి విరిచాడు, ధర తగ్గించాడు. నాన్న ఆ ధరకే ఇచ్చేశాడు. పైన చూసి కొనకూడదు, లోపల చూసి కొనాలి అనేది యార్డు ధర్మం. అక్కణ్ణుంచి తిన్నగా సైకిళ్ళ కొట్టుకు వెళ్ళి, ఆకుపచ్చ లేడీస్ సైకిలు ఒకటి చూసి, బెల్లు రెండుసార్లు మోగించి, బాగా మోగుతోందని కొనేశాం.

బస్సు మీద వేసి ఇంటికి తెచ్చాక అమ్మ స్నానం చేసి వచ్చి సైకిలుకు పూజ చేసింది. చక్రాలకు, హ్యాండిలుకు, సీటు కింద గొట్టానికి తడి పసుపు దట్టంగా రాసింది. కొబ్బరికాయ కొట్టింది. ఆ చేత్తోనే బిల్లు తీసుకుని, అదీ కొత్తదే కదా అని, నాలుగు మూలలా పసుపు రాసి నడిమధ్య ఇంత తడి కుంకుమ పెట్టి దేవుడి పటం ముందు ఉంచింది. పెళ్ళి శుభలేఖకు పెట్టినంత శ్రద్ధగా పెట్టింది.

మర్నాడు బడికి బయల్దేరి ఊరి చివర మొదటిసారి పడ్డాను. ఆ తరువాత పత్తి చేలో, ఆ తరువాత మురుక్కాలవలో పడ్డాను. చెయ్యి కాస్త ఏమరితే చాలు, సైకిలు ఎడమవైపుకు లాక్కుపోయేది. నేను అద్దె సైకిళ్ళ మీద ఎప్పుడో నేర్చుకున్నదాన్ని. మగవాళ్ళ సైకిలుకు మధ్యలోంచి కాలు దూర్చి ఊరంతా తిరిగినదాన్ని. ఆ మాట ఎవరూ వినిపించుకోలేదు. ఊళ్ళో సైకిళ్ళు అద్దెకిచ్చే ఆయన దగ్గరికి తీసుకెళ్తే, "కొత్తదానికి రోగమేంటి తల్లీ, నీకింకా చెయ్యి కుదరాల" అన్నాడు. నాయనమ్మ అరుగు మీద కూర్చుని, "ఆడలేక మద్దెల ఓడంట" అని నలుగురికీ వినపడేట్టు అంది.

నాలుగో రోజు పడి వచ్చి, సైకిలును గోడకేసి కొట్టాను. "నేను పడట్లేదు, అదే పడేస్తోంది!" అని అరిచాను. అమ్మ నా మోకాలికి పసుపు అద్దుతూ ఊదుతోంది. పడ్డందుకు కాదు నాకు ఏడుపు. నిజం చెబుతుంటే ఇంట్లో ఒక్కరు కూడా నమ్మకపోవడం ఎంత ఒంటరిగా ఉంటుందో అప్పుడు తెలిసింది. నాన్న నా మోకాలి వంకే చూస్తూ కూర్చున్నాడు.

తెల్లవారి నాన్న పంచె ఎగ్గట్టి, ఆ లేడీస్ సైకిలు ఎక్కి వీధిలోకి వచ్చాడు. మా ఊళ్ళో మగవాడు ఆడవాళ్ళ సైకిలు ఎక్కడమంటే మాటలు కాదు. ఎదురింటి అరుగు మీంచి ఆయన ఈడు మనిషొకాయన, "ఒరేయ్, జాకెట్టు కూడా తొడుక్కోలేకపోయావా!" అని కేకేశాడు. వీధంతా నవ్వింది. నాన్న చెవిన పెట్టలేదు. తిన్నగా పోనిచ్చాడు. వీధి చివరున్న మా కళ్ళం దాకా వెళ్ళాక, కావాలనే అనుకుంటాను, చేతి పట్టు వదిలాడు. సైకిలు గిర్రున ఎడమకు తిరిగి ఎండబోసిన మిరపకాయల్లోకి దూసుకుపోయింది.

నేను పరుగెత్తుకెళ్ళేసరికి నాన్న ఎర్రటి కాయల మధ్య కూర్చుని, తుమ్ముతూ, కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా, అరుగుల మీదివాళ్ళందరికీ వినపడేలా, "పిల్ల నిజమే చెప్పిందిరా!" అన్నాడు. మా నాన్న మీద నాకు ఎన్నో సందర్భాల్లో ప్రేమ కలిగింది గాని, అంత ప్రేమ మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

అద్దె సైకిళ్ళాయన ఈసారి ముందు చక్రం ఊడదీసి చూశాడు. చక్రాన్ని పట్టుకునే ఫోర్కుకు రెండు కాళ్ళుంటాయి. ఒక చీపురుపుల్ల తెంపి కుడికాలును కొలిచాడు. అదే పుల్ల ఎడమకాలు పక్కన పెడితే గోరంత మిగిలిపోయింది. "తయారీలోనే పొట్టిదమ్మా. నిన్ను ఊరికే అన్నాను" అని నొచ్చుకుంటూ ఆ పుల్లను నాన్న చేతికిచ్చాడు.

గుంటూరు కొట్టాయన చీపురుపుల్ల వంక చూడనైనా చూడలేదు. గోడ మీది బోర్డు చూపించాడు. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు. "కింద పడేసి వంచుకుని నా దగ్గరికొస్తే ఎట్టా?" అన్నాడు.

"పడితే వంగుద్దండి. పొట్టిదవుద్దా?" అన్నాడు నాన్న.

ఆయన మాట మార్చేశాడు. బిల్లు చూపించమన్నాడు. బిల్లులో సైకిలు నంబరు రాసిన చోట అమ్మ పెట్టిన కుంకుమ తడికి పాకి, సిరా అలికినట్టయి, ఒక్క అంకె కూడా మిగల్లేదు. "ఈ బిల్లు మాదే. ఈ సైకిలు మాదని ఏంటి నమ్మకం? అయినా పసుపు కుంకుమ పెట్టుకున్న బండిని ఎనక్కి తీసుకుంటారా ఎవరన్నా? కొట్టుకు అరిష్టం" అన్నాడు. చేసేది లేక అదే బస్సు మీద వేసుకుని తిరిగొచ్చాం.

సంగతి విని అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. "దాని చదువు నా చేతులారా చెరిపేశాను" అని పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది. ఉగాదికి ఇంకా పన్నెండు రోజులే ఉంది.

బడికి రావడం లేదేమని మా సోషలు మాస్టారు ఒక సాయంత్రం వెతుక్కుంటూ వచ్చారు. అంతా విని, "కొత్తగా చట్టం వచ్చిందండీ. కొన్న సరుకులో లోపముంటే బాగుచేయమనో, మార్చమనో, డబ్బు తిరిగిమ్మనో అడిగే హక్కు మనకుంది. బోర్డు పెట్టుకున్నంత మాత్రాన అది పోదు. వినేందుకు గుంటూరులో వినియోగదారుల ఫోరం ఉంది. వకీలు కూడా అక్కర్లేదు, తెల్లకాగితం మీద రాసిస్తే చాలు. ముందు ఒక ప్రతి కొట్టాయనకివ్వండి. వినకపోతే రెండోది అక్కడివ్వండి" అన్నారు. "బిల్లు పోతేనేం, కొట్టువాళ్ళ దగ్గర కార్బను కాపీ ఉంటుంది. సైకిలు మీద కూడా నంబరు కొట్టి ఉంటుంది, అది చూసి రాయండి."

నాన్నా నేనూ సైకిలంతా వెతికాం. ఆకుపచ్చ రంగు మందంగా పూసి, పైన కాలవ మట్టి ఎండిపోయిన ఆ ఇనుము మీద మాకేమీ కనపడలేదు. అమ్మ వచ్చింది. ఇంతకంటే చెయ్యగలిగింది లేదనుకుందో ఏమో, కొంగు తీసుకుని సైకిలును మెల్లగా తుడవడం మొదలుపెట్టింది. సీటు కింద గొట్టం దగ్గర ఆగింది. అమ్మకు చదువు రాదు.

"ఇదిగో అమ్మాయ్, ఇక్కడేంటో పచ్చపచ్చగా గీతలున్నాయి, చూడు."

ఆ రోజు రాసిన పసుపు, పైనుంచి రాలిపోయినా, ఇనుము మీద గుద్దిన అంకెల సందుల్లో గట్టిపడి ఉండిపోయింది. నంబరు మొత్తం పచ్చగా, స్పష్టంగా కనిపిస్తోంది. నేను ఒక్కో అంకె పైకి చదువుతుంటే అమ్మ నా భుజం పట్టుకుని నిలబడింది. కాగితం మీద చెరిపింది ఆ చేతులే, ఇనుము మీద చూపించింది ఆ చేతులే. అప్పటికి గాని ఆవిడ ముఖంలోకి రక్తం రాలేదు.

ఆ రోజే అర్జీ రాశాం. నాన్న చెప్పాడు, నేను రాశాను. కొన్న రోజుతో మొదలుపెట్టమని మాస్టారు చెప్పారు గాని, నాన్న ఒప్పుకోలేదు. "ముందు ఇది రాయి" అన్నాడు. "మా అమ్మాయికి సైకిలు తొక్కడం బాగా వచ్చు."

ఆ వాక్యం రాయడానికి నాకు చాలాసేపు పట్టింది. అక్షరాలు అలుక్కుపోయాయి. రెండోసారి, మూడోసారి వేరే కాగితం తీసుకోవాల్సి వచ్చింది.

సైకిలును మళ్ళీ బస్సు మీద వేసుకుని గుంటూరు వెళ్తే, కొట్టాయన మా అర్జీని మొదట నవ్వుతూ, పైకే చదవడం మొదలుపెట్టాడు. ఫోరం మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించాడు. బిల్లు పుస్తకం తీసి కార్బను కాపీ చూశాడు, సీటు కింద పచ్చటి నంబరు చూశాడు. నాన్న గొంతు పెంచకుండా అన్నాడు: "మా టిక్కీలో చెయ్యి పెట్టి నాలుగు తాలుకాయలు తీస్తే మేం నోరు మూసుకుని ధర తగ్గించుకుంటున్నామండి. ఇది మీ తాలుకాయ. మీరూ ఒప్పుకోండి."

ఆయన బిల్లు పుస్తకం మూసి పక్కన పెట్టాడు. అరిష్టం సంగతి మళ్ళీ ఎత్తలేదు. "లోపల నాలుగున్నాయి. కావాల్సింది తీసుకోండి" అన్నాడు.

నాన్న జేబులోంచి చీపురుపుల్ల తీసి నా చేతికిచ్చాడు. నాలుగు సైకిళ్ళ ముందూ చతికిలబడి నేనే కొలిచాను. రెండు కాళ్ళూ సరిగ్గా సమంగా ఉన్న మూడోదాన్ని కొట్టు ముందు రోడ్డు మీద చేతి పట్టు సడలించి తొక్కాను. అది ఎటూ లాగలేదు.

తిరుగు బస్సులో అడిగాను, "అందరూ నాకు తొక్కడం రాదంటే, నువ్వెట్టా నమ్మావు నాన్నా?" అని.

"నీ దెబ్బలన్నీ ఎడమ మోకాలికే ఉన్నాయి గదే" అన్నాడు నాన్న. "తొక్కడం రానోళ్ళు రెండువైపులా పడతారు."

ఇంటి దగ్గర అమ్మ పసుపు గిన్నెతో గుమ్మంలో నిలబడి ఉంది. కాని నన్ను ఆపి, "ముందు తొక్కి చూపించు" అంది. వీధి చివరిదాకా తిన్నగా వెళ్ళి తిన్నగా వచ్చాను. అప్పుడు బొట్టు పెట్టింది. బిల్లును మాత్రం తడి తగలకుండా నాన్న ముందే పెట్టెలో దాచేశాడు.

అరుగు మీద నాయనమ్మ అంతా చూసింది. ఉగాదికి ఇంకా నాలుగు రోజులుంది. ఆవిడ మద్దెల మాట ఎత్తలేదు, తప్పయిందనీ అనలేదు. నా ఎడమ మోకాలి మీది పెచ్చును బొటనవేలితో ఒకసారి నిమిరి, "రేపు బడుందిగా, పెందలాడే అన్నం తిని పడుకో" అంది.